కెప్టెన్ గారి బంగారు పాళీ

మూత తిప్పి తీసేసరికి కెప్టెన్ గారి పెన్నుకి పాళీ సగమే ఉంది.

ఇంకు పెన్ను పాళీకి రెండు రెక్కలుంటాయి. మధ్యలో వెంట్రుకంత చీలిక. ఆ చీలిక వెంటే ఇంకు కాగితం మీదికి దిగుతుంది. ఎడమ రెక్క ఉండాల్సిన చోట ఉంది. కుడి రెక్క మొదలంటా లేదు. మూతని అరచేతిలో బోర్లించి తట్టాను. సన్నటి బంగారు ముక్క ఒకటి రాలి నా చేతి గీతల మధ్య ఆగింది.

కెప్టెన్ గారు ఇంకో గంటలో వస్తారు.

"అమ్మా," అని పిలిచాను. అమ్మని ఎందుకు పిలిచానో ఇప్పటికీ తెలీదు. అమ్మ వెనక వంటింట్లో ఉంది. నాన్న నాకు చెయ్యి చాస్తే అందేంత దూరంలో, తన బల్ల దగ్గరే ఉన్నాడు.

నాన్న కుర్చీ వెనక్కి జరిపి లేచి వచ్చాడు. నా చేతిలోంచి పెన్ను తీసుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని, కిటికీ వైపు తిరిగి చాలాసేపు చూశాడు.

"పోయింది," అన్నాడు.

"ఎలా పోతుంది నాన్నా? నిన్న సాయంత్రం దాంతో రాశాను. బంగారంలా రాసింది."

"బంగారమే కదా, బంగారంలా రాయక ఏం చేస్తుంది," అని నవ్వబోయి ఆగాడు. "గాయపడ్డ బంగారం అమ్మాయ్. ఒకసారి అంతలా వంగిందాన్ని మళ్లీ నిలబెడితే, లోపలెక్కడో చిట్లే ఉంటుంది. భూతద్దానికి కూడా అందదు. దాని టైమొచ్చినప్పుడు అది పోతుంది. నీ తప్పేం లేదు."

నీ తప్పేం లేదు అన్న మాటతో తప్పు నాదేనని ఇంట్లో అందరికీ అర్థమైంది. నాకు కూడా.

అప్పటికి చేతులు తుడుచుకుంటూ అమ్మ వచ్చింది. లేత్ ఆపేసి బాబాయ్ వచ్చాడు. నేను ఏడుస్తున్నానని అమ్మ కొంగుతో నా మొహం తుడవబోతే తెలిసింది.

* * *

ఆ పెన్ను సంగతి చెప్పాలి.

మా ముందు గదే మా దుకాణం. కిటికీ కింద నాన్న బల్ల. దాన్ని మేం కిటికీ బల్ల అనేవాళ్లం. పాళీల పనంతా అక్కడే. మూలన బాబాయ్ లేత్. పెన్నుల ఒళ్లు, మూతలు, క్లిప్పులు బాబాయ్‌వి. పాళీ ముట్టుకుంటే మాత్రం నాన్న బాబాయ్ చెయ్యి మీద కొట్టేవాడు. గోడవార ఒక చిన్న మేజా, దాని మీద ఒక దీపం, అది నాది. వీధిలో అందరూ నాన్నని పాళీల మాస్టారు అనేవాళ్లు. పాత పెన్నులు దాచుకునే పిచ్చి ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు.

కెప్టెన్ గారిది అందరికంటే ముదిరిన పిచ్చి. ఓడల మీద తిరిగినన్నాళ్లూ దిగిన ప్రతి రేవులోనూ పాత పెన్నులు కొన్నాడాయన. రిటైరయ్యాక ఆ పెన్నులకే ఒక గది కేటాయించాడు. అన్నిట్లోకీ ఆయనకి ప్రాణం ఒక నల్ల పెన్ను. చూడ్డానికి ఏమీ ఉండదు. దాని గొప్పంతా పాళీలోనే. ఇప్పటి పాళీలు మేకులు. నొక్కినా ఒకటే గీత, నొక్కకపోయినా ఒకటే గీత. ఆ కాలం బంగారు పాళీ అట్లా కాదు. వేలు బరువు కొంచెం పెంచితే రెక్కలు విచ్చుకుని గీత లావవుతుంది. బరువు తీసేస్తే మూసుకుని మళ్లీ వెంట్రుక గీత. చెయ్యి ఏమనుకుంటే అది రాస్తుంది.

అట్లాంటి పాళీని ఎవరో చుట్టం సంతకం పెడతానని అడిగి తీసుకుని, బాల్ పెన్ను నొక్కినట్టు నొక్కి పెట్టాడు. రెక్కలు రెండూ కాకి నోరు తెరిచినట్టు పైకి లేచి అట్లాగే ఉండిపోయాయి. చాలా ఏళ్ల కిందట కెప్టెన్ గారు దాన్ని నాన్న దగ్గరికి తెస్తే, నాన్న చూసి, "ఇది చచ్చిపోయింది కెప్టెన్ గారూ, వేరే పాళీ వేసుకోండి," అన్నాడు. ఆయన వేరే పాళీ వేసుకోలేదు. పెన్ను పెట్టెలో పెట్టి మూసేశాడు.

ఆ ఏడు వానలు మొదలైన వారంలో మళ్లీ తెచ్చాడు. గొడుగు దులిపి, గుమ్మం పక్కన ఆనించి, పెట్టె తెరిచాడు. నాన్న చెయ్యి చాచాడు.

"మీకు కాదు మాస్టారూ," అన్నాడు కెప్టెన్ గారు. "మీరు చెప్పేశారు కదా. అమ్మాయి ఒకసారి చూస్తుందేమోనని."

నాన్న నవ్వి, చాచిన చేతిని అట్లాగే పక్కకి తిప్పి బల్ల మీది గుడ్డ అందుకున్నాడు. "చూడనివ్వండి. పోయేదేముంది."

ఆయన వెళ్లాక నాన్న నాతో అన్న మాట నాకు బాగా గుర్తు. "దీన్ని నిలబెట్టావంటే కిటికీ బల్ల నీదే."

"నిజంగానా?"

"నా మాటకి తిరుగుండదని తెలుసుగా."

"రాసిమ్మను," అన్నాడు మూలనుంచి బాబాయ్. "మా అన్నయ్య మాటకి తిరుగుండదు. మాటే ఉండదు."

కిటికీ బల్ల అంటే వెలుతురు మాత్రమే కాదు. అక్కడ కూర్చున్నవాళ్ల చేతికే పాళీలు వస్తాయి. గోడవార మేజా దగ్గర కూర్చుంటే పెన్నుల్లో ఇంకు నిలిచే రబ్బరు తిత్తులు మార్చుకుంటూ బతకాలి. నాకు అప్పటికే ముప్పై దాటాయి. మా పెన్నులు చూడ్డానికి వచ్చిన గడియారాల కంపెనీ ఇంజనీరు ఒకాయన నా పని చూసి, వాళ్ల ఫ్యాక్టరీలో సన్నపనికి రమ్మన్నాడు. వానలు తగ్గేలోపు చెప్పమన్నాడు. దూరపు ఊరు, మంచి క్వార్టర్సు. బల్ల రాకపోతే వెళ్లిపోదామని, వస్తే చచ్చేదాకా ఇక్కడే ఉందామని నాలో నేను అనుకున్నాను.

ఆ పాళీతో నేను పడ్డ పాట్లు పాళీల పని తెలియనివాళ్లకి చెప్పినా విసుగే. వేడి చూపించకూడదు. వేడి తగిలితే బంగారం మెత్తబడి స్ప్రింగు గుణం పోతుంది, మళ్లీ రాదు. ఇత్తడి దిమ్మకి ఒక గాడి తీసుకుని, పాళీని అందులో పడుకోబెట్టి, నున్నటి ఉక్కు కడ్డీతో నిమిరినట్టు రుద్దుకుంటూ రావాలి. ఒక పూట రుద్దితే రెండు పూటలు దాన్ని వదిలెయ్యాలి. తొందరపడితే చిట్లుతుంది. వానాకాలం సగం దాంతోనే గడిచింది. ఒకరోజు మధ్యాహ్నం రెండు రెక్కలూ కలిశాయి. దీపం ముందు పెడితే చీలికలోంచి తిన్నటి వెలుగు గీత ఒకటి కనపడింది. ఇంకు పోసి, ఒక్క సున్నా చుట్టాను. సన్నగా మొదలై, లావై, మళ్లీ సన్నమై మొదటి చోటికి వచ్చి ఆగింది.

బాబాయ్ నా భుజం మీంచి చూశాడు. నన్ను చిన్నప్పటినుంచీ భూతద్దం అని పిలుస్తాడు. "ఒసే భూతద్దం, దీన్నే నిలబెట్టావంటే నా జాతకం కూడా ఓసారి చూడకూడదూ?"

నాన్న లేచి రాలేదు. చేతిలో పని ఉందన్నాడు. "బాగుందా?" అని అడిగాడు. "బాగుంది," అన్నాను. "సరే అయితే, కెప్టెన్ గారికి కబురు చెయ్యి."

ఆ తర్వాత పెన్ను నిండా ఇంకు పోసి, రోజూ కొంచెం రాస్తూ ఉంచాను. ఆయన వచ్చి కూర్చుని మూత తీసి రాసుకోవాలని.

* * *

కెప్టెన్ గారు చెప్పిన టైముకే వచ్చాడు. చంకలో ఇంకో పెట్టె ఉంది. అందులో ఆయన గదిలోని మెత్తటి పాళీల పెన్నులు సగం ఉన్నాయి. నాకు ఇద్దామని తెచ్చాడు. ఆ సంగతి ఆయన చెప్పకుండానే తెలిసింది, ఎందుకంటే నేరుగా నా మేజా దగ్గరికి వచ్చి, దాని మీద చోటు చూసి పెట్టాడు.

నేను అరచెయ్యి తెరిచి చూపించాను.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"పోనీలే అమ్మా," అన్నాడు. "మనుషులే పోతున్నారు."

"తప్పు నాది కెప్టెన్ గారూ," అన్నాడు నాన్న. "లాభం లేదని తెలిసీ దాని చేతికిచ్చాను. చిన్నపిల్ల కదా, ఉత్సాహపడింది. నేను ఆపాల్సింది."

"మీరు అప్పుడే చెప్పారు మాస్టారూ. నేనే వినలేదు."

ఆయన లేచి, ఆ రెండో పెట్టెని నా మేజా మీంచి తీసి కిటికీ బల్ల మీద పెట్టాడు. "వీటిని మీరే చూడండి." నల్ల పెన్నుని మాత్రం నా వైపు తోశాడు. "ఇది నీ దగ్గరే ఉంచమ్మా. నాకు చూడబుద్ధి కావడం లేదు."

గొడుగు మర్చిపోయి వానలోనే వెళ్లిపోయాడు. బాబాయ్ పరిగెత్తి ఇచ్చి వచ్చాడు.

పెన్నునీ, విరిగిన ముక్కనీ ఒక గుడ్డలో చుట్టి సొరుగులో అడుగున పడేశాను. మళ్లీ దాన్ని చూడలేదు.

తర్వాత రోజుల్లో నాకు ఒక కొత్త జబ్బు పట్టుకుంది. పాళీ చేతికొస్తే పని మొదలుపెట్టలేకపోయేదాన్ని. వేరే ఎవరిదో చిన్న పాళీ, మొన కొంచెం ఒరిగింది, రెండు నిమిషాల పని. కడ్డీ పట్టుకుని దాని మీద పెట్టలేకపోయాను. లోపలెక్కడో చిట్లి ఉంటుందేమో. నాకు కనపడదేమో. నాన్న నా చేతిలోంచి దాన్ని మెల్లిగా తీసుకుని, సరిచేసి, మెల్లిగా నా మేజా మీద పెట్టాడు.

"కంగారు పడకు. నెమ్మదిగా వస్తుంది," అన్నాడు.

నాన్న ఆ రోజుల్లో నాతో చాలా మంచిగా ఉన్నాడు. టీ తనే తెచ్చి ఇచ్చేవాడు. నా దీపం బల్బు పోతే అడక్కుండానే మార్చాడు. కెప్టెన్ గారి పెన్నులు ఒక్కొక్కటీ విప్పుతూ పాటలు పాడుకునేవాడు. కిటికీ బల్ల మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

గడియారాల కంపెనీకి వస్తానని ఫోన్ చేశాను.

అమ్మ అన్నం కంచాల దగ్గర గొడవ పెట్టుకుంది. "ఇంత ముక్క విరిగిందని ఇల్లొదిలి పోతావుటే? రేపు అక్కడ ఏ గడియారం ముల్లో విరిగితే ఎక్కడికి పోతావు?"

"అక్కడ విరిగితే కొత్తది పెడతారమ్మా. డబ్బాల కొద్దీ ఉంటాయి."

"ఏమండీ, మీరైనా చెప్పరేం?"

"వెళ్లనీవే," అన్నాడు నాన్న కంచంలోంచి తలెత్తకుండా. "మంచి ఉద్యోగం. ఇక్కడేముంది."

బాబాయ్ తిని లేచిపోయాడు. అన్నం తిన్నంతసేపూ జోకు వెయ్యకపోవడం అతని జీవితంలో అదే మొదలు.

* * *

ఇక రెండు రోజుల్లో ప్రయాణం. వాన తెరిపిచ్చింది. నా పనిముట్లు ఏవి తీసుకెళ్లాలో, ఏవి వదిలెయ్యాలో మేజా మీద పరుచుకుని చూస్తున్నాను. బాబాయ్ పక్కనే నిలబడి, నూనె చేతుల్ని తువ్వాలుకి తుడుచుకుంటున్నాడు.

"నువ్వెళ్లిపోతే ఇంట్లో తువ్వాళ్లన్నా తెల్లగా ఉంటాయే," అన్నాడు. "ఎప్పుడు చూసినా నీలం వేళ్లు. దేన్ని ముట్టుకున్నా నీలం. తలుపు గొళ్లెం నీలం, మంచినీళ్ల గ్లాసు నీలం. నా చొక్కా కాలరు కూడా నీలం చేశావు, ఎట్లా చేశావో నాకిప్పటికీ తెలీదు."

"నిద్ర లేవకపోతే పీక పట్టుకుని లేపమన్నావుగా, అప్పుడు."

"అవును కదూ." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నీ చేతులు శుభ్రంగా ఉండగా నేను చూసింది ఒకే ఒక్క రోజు."

"ఏ రోజు?"

"ఆ పాళీ పోయిన రోజు. అట్లా చేతుల్తో కళ్లు నులుముకుంటూ ఏడుస్తుంటే, ఇదిగో ఇప్పుడు మొహం అంతా నీలం చేసుకుంటుంది, నవ్వొస్తే వదిన నన్ను చంపుతుంది అనుకున్నాను. ఏమీ అవలేదు."

బాబాయ్ మళ్లీ లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు. అతనికి తను ఏం చెప్పాడో తెలీదు.

నేను కడ్డీ పట్టుకున్న చేత్తో అట్లాగే కూర్చున్నాను. ఆ రోజు పెన్ను నిండా ఇంకు ఉండాలి. నేనే పోశాను. ముందు రోజు సాయంత్రం దాంతో రాసి మూత పెట్టాను. పాళీ దానంతటది విరిగితే ఇంకు మూతలోకి కారాలి. మూత తిప్పిన చేతికి, బోర్లించిన అరచేతికి, రాలి పడ్డ ముక్కకి, అన్నిటికీ అంటాలి. అరచేతి గీతల మధ్య ముక్క ఆగడం నాకు గుర్తుంది. గీతలు కూడా కనపడ్డాయి. ఇంకు లేదు.

సొరుగు లాగి గుడ్డ విప్పాను.

తిత్తి నొక్కాను. పొడి. లోపల నీళ్లతో కడిగి ఆరబెట్టినంత పొడి. మిగిలిన ఒక్క రెక్క అంచు భూతద్దం కింద పెట్టాను. నీలం అన్నది లేదు. పాళీ కింద ఇంకుని పట్టి ఉంచే నల్లటి ముక్క ఉంటుంది, దాన్ని మేం నాలుక అంటాం. రెక్కని విరిగేదాకా వంచాలంటే దేనితోనో పట్టుకోవాలి, ఆ పట్టులో నాలుక మీద ఒక్క గీతైనా పడుతుంది. నాలుక కొత్త దానిలా ఉంది. అంటే ముందు పాళీని పెన్నులోంచి బయటికి తీశారు. విరిచారు. మళ్లీ లోపల పెట్టారు. ఎంత పొందిగ్గా పెట్టారంటే, విరిగిన పాళీ కూడా నాలుక నడిమధ్యన కూర్చుని ఉంది.

కోపంతో విరిచేవాడు కడగడు. తెలియనివాడికి విప్పడం రాదు. పాళీ పాడుచేస్తూ కూడా మిగతా పెన్నుకి దెబ్బ తగలకుండా చూసుకునే చెయ్యి ఎవరిది?

అప్పటికీ నేను బాబాయ్ వైపు చూశాను. చూసినందుకు సిగ్గేసింది. బాబాయ్‌కి పాళీ ఊడదీయడమే రాదు.

తర్వాత నాలుక కొస చూశాను. ఇక వేరే ఏదీ చూడక్కర్లేకపోయింది.

నాకూ నాన్నకీ ఏళ్ల తరబడి నడుస్తున్న తగువు ఒకటుంది. మెత్తటి పాళీ రెక్కలు విచ్చుకున్నప్పుడు ఇంకు ఎక్కువ కావాలి, కాబట్టి నాలుకని పాళీ మొనకి దగ్గరగా, ముందుకి పెట్టాలని నేను. అట్లా పెడితే ఇంకు కక్కుతుందని, గోరు మందం వెనక్కి ఉండాలని నాన్న. నేను ముందుకి పెట్టినవి చాలాసార్లు ఆయన వెనక్కి లాగేవాడు. ఈ పెన్నులో నేను ముందుకే పెట్టాను. మొనకి ఆనుకునేటంత ముందుకి.

ఇప్పుడది గోరు మందం వెనక్కి ఉంది.

* * *

మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ ఏమీ అనలేదు. అన్నాలయ్యాయి. మళ్లీ వాన పట్టుకుంది. నాన్న కిటికీ బల్ల దగ్గర కెప్టెన్ గారి పెన్నొకటి విప్పుతున్నాడు. అమ్మ నా బట్టలన్నీ ముందు గదిలోకే తెచ్చి, నేల మీద కూర్చుని పెట్టెలో సర్దుతోంది. బాబాయ్ లేత్ తిరుగుతోంది.

నేను నల్ల పెన్ను తీసుకెళ్లి నాన్న మోచేతి పక్కన నిలబడ్డాను.

"నాన్నా, దీని నాలుక వెనక్కి ఉందేమిటి?"

"ఉండాలిగా," అన్నాడు తన పనిలోంచి తలెత్తకుండా. "ముందుకి తోస్తే కక్కుతుందని ఎన్నిసార్లు చెప్పాను నీకు."

ఆయన చెయ్యి ఆగింది.

"నేనెప్పుడూ ముందుకే పెడతాను," అన్నాను.

బాబాయ్ లేత్ ఆపాడు. నాన్న చేతిలోని పాళీని చాలా జాగ్రత్తగా గుడ్డ మీద పెట్టాడు. భూతద్దం తీయలేదు. ఒక కన్ను పెద్దగా, ఒక కన్ను మామూలుగా, అట్లాగే కిటికీలోకి చూస్తూ ఉండిపోయాడు.

"అన్నయ్యా?" అన్నాడు బాబాయ్.



అందరికంటే ముందు తేరుకున్నది అమ్మే. మడతపెడుతున్న చీర ఒళ్లో పెట్టుకుని, నాన్న మొహం చూసింది, నా చేతిలో పెన్ను చూసింది.

"దాని మంచికోసమే చేసుంటారు," అంది గబగబా. "ఈ ఇంకు పెన్నుల పని ఇంకెన్నాళ్లుంటుంది? మీతోనే ఆఖరు. దీని బతుకు కూడా ఈ చీకటి గదిలో తెల్లారిపోకూడదని, ఆ కంపెనీ ఉద్యోగానికి వెళ్లాలని, అందుకే చేశారు. అంతే కదండీ? మామూలుగా చెప్తే ఇది వింటుందా. దీని మొండితనం మనకి తెలీదా. అందుకే."

అమ్మ చెప్పింది వినడానికి బాగుంది. నాకు కూడా కావాలనిపించింది. ఆయన ఒక్కసారి తలూపితే చాలు. నేను పెట్టె పట్టుకుని, కళ్లు తుడుచుకుని, త్యాగమూర్తి అయిన తండ్రికి కూతురిగా రైలెక్కి ఉండేదాన్ని.

ఆ రైలు నేను ఎక్కలేదు. కిటికీ బల్ల దగ్గరా కూర్చోలేదు. నాన్న ఆ సాయంత్రమే లేచి బల్ల నాకు ఖాళీ చెయ్యబోయాడు, నేనే వద్దన్నాను. వానలు వెనకబట్టాక పక్క వీధిలో ఒక గది తీసుకున్నాను. లేత్ వదిలి రాలేనని, కానీ లేత్‌తో సహా రాగలనని బాబాయ్ నాతో వచ్చేశాడు. కెప్టెన్ గారి దగ్గరికి నాన్న ఒక్కడే వెళ్లి, తన నోటితో తనే చెప్పుకున్నాడు. ఆయన ఏమన్నాడో నాన్న మాకు చెప్పలేదు. కెప్టెన్ గారూ చెప్పలేదు, పెట్టె మాత్రం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు నాన్న తన వల్ల కాని పాళీలు గుడ్డలో చుట్టి మా గదికి పంపుతుంటాడు. నేను నిలబెట్టి తిప్పి పంపుతాను. వాటిలో నాలుక ఎక్కడ ఉండాలన్నది ఇద్దరం మాట్లాడుకోం.

అమ్మ ఆ మాట అన్నాక నాన్న తలూపలేదు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కంటి చుట్టూ దాని అచ్చు గుండ్రంగా ఉంది. కుర్చీ మా వైపు తిప్పుకున్నాడు.

"కాదు," అన్నాడు. "నువ్వు చెప్పినట్టు అయ్యుంటే బావుండేదే. ఇన్నాళ్లూ నేనూ అదే అనుకుందామని చూశాను. కుదర్లేదు.

"నువ్వూ మీ అమ్మా ఆ సాయంత్రం దర్జీ దగ్గరికి వెళ్లారు. వీడు లోపల నిద్రపోతున్నాడు. పెన్ను నీ మేజా మీద ఉంది. ఒకసారి చూద్దామని తీశాను, అంతే. నా పేరు రాశాను. నేను నొక్కుదామనుకునేసరికే విచ్చుకుంది. వదులుదామనుకునేసరికే మూసుకుంది. ఇన్నేళ్లలో నా చేతిలోంచి అట్లాంటిది ఒక్కటి బయటికి వెళ్లలేదు. నేను చచ్చిపోయిందని చెప్పిన పాళీ అది. ఆయన మొహం మీద చెప్పాను. రేపొచ్చి ఆయన దాంతో రాస్తాడు. రాసి, నా వైపు చూస్తాడు. పెద్దమనిషి, ఏమీ అనడు. ఆ చూపు నాకొద్దనిపించింది.

"కిటికీ బల్ల ఇస్తానన్నాను చూడు, అది కూడా నువ్వు చెయ్యలేవన్న ధైర్యంతోనే అన్నాను.

"విరవాలని తియ్యలేదు. తప్పు వెతుకుదామని తీశాను. ఏదో ఒకటి ఉంటుంది, పొద్దున్న నీకు చూపించి, ఇదిగో ఇక్కడ తొందరపడ్డావ్ అని చెప్పి, నా చేత్తో సరిచేసి ఆయనకిద్దాం అనుకున్నాను. నాలుక ముందుకి ఉంది కదా, అదే తప్పు అనుకున్నాను. వెనక్కి లాగి రాసి చూశాను. గీత మధ్యలో తెగింది. మళ్లీ నువ్వు పెట్టినట్టే ముందుకి పెట్టాను. తెగలేదు. అప్పుడు మొత్తం విప్పాను. కడిగాను. రెక్కలు సమానంగా ఉన్నాయా, చీలిక తిన్నగా ఉందా, మొనలు కలిశాయా, నీ కడ్డీ గీతలేమైనా పడ్డాయా. ముందు నుంచి చూశాను, వెనక నుంచి చూశాను. మీరు వచ్చే వేళయింది. పటకారుకి తోలు చుట్టి ఉంది. చప్పుడు కూడా రాలేదు. మళ్లీ ఎట్లా బిగించానో నాకే గుర్తులేదు, చెయ్యి దాని అలవాటున అది బిగించుకుంది.

"ఒక్క తప్పు, ఎంత చిన్నదైనా, ఒక్కటి దొరికినా నేను దాన్ని విరిచేవాణ్ణి కాదమ్మాయ్."